పదకొండు స్విచ్చులు

చెప్పులు వేసుకుని గుమ్మంలో ఎదురుచూడటం ఆమెకు ఎంత అలవాటైపోయిందంటే, చేతిసంచీ భుజానికి తగిలించుకోగానే కుడి మోకాలు తనంతట తానే కాస్త వంగి ఒంటి బరువంతా ఎడమ కాలి మీదికి జరిగేది. మూడేళ్ళుగా పొద్దున్న ఎనిమిదింపావుకి ఆ మోకాలు అలాగే వంగుతోంది.

లోపల భర్త గదులు తిరుగుతున్నాడు. ముందు హాల్లో టీవీ, దాని కింద సెట్ టాప్ బాక్సు, గోడకున్న ఇంటర్నెట్ పెట్టె. తర్వాత వంటింట్లో ఓవెను, మిక్సీ, నీళ్ళ ఫిల్టరు. వెనక వరండాలో బట్టల మిషను, ఇస్త్రీ పెట్టె. చివర పడగ్గదిలో రెండు ఫోన్ ఛార్జర్లు, మంచం పక్క దీపం. మొత్తం పదకొండు. ఒక్కొక్కటీ సాకెట్ దగ్గర ఆపడం, ఆపిన స్విచ్చు మీద బొటనవేలు పెట్టి మరోసారి నొక్కి చూడటం, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూడటం. ఫ్రిజ్‌ని మాత్రం వదిలేస్తాడు, అందులో పాలుంటాయి గనక.

"అయిందాండీ?"

"ఒక్క నిమిషం."

"మీ ఒక్క నిమిషానికి పధ్నాలుగు నిమిషాలు. నేను లెక్కపెట్టాను."

"ఊరికే తింటాయి ఇవన్నీ. మనం లేనప్పుడు కూడా కూచుని తింటూనే ఉంటాయి," అన్నాడు లోపల్నుంచి. పడగ్గదిలో టక్, టక్ మని రెండు స్విచ్చులు వినిపించాయి. మూడోది వినిపించలేదు. దాన్ని చూస్తూ నిలబడి ఉంటాడు.

కోపం వస్తే బాగుండేదని ఆమెకు అనిపించేది. కోపానికి ఓపిక కావాలి. మొదటి ఏడాది వచ్చింది. రెండో ఏడాది ఏడుపొచ్చింది. ఇప్పుడు మోకాలు వంగుతోంది, అంతే.

ఇద్దరూ మెట్లు దిగారు. మెట్ల కింద గోడకి ఆ భవనంలోని ఇళ్ళ మీటర్లన్నీ వరసగా ఉంటాయి. అన్ని స్విచ్చులు తడిమే మనిషి ఆ మీటర్ల ముందు మాత్రం ఎన్నడూ ఆగడు, తల అవతలికి తిప్పుకుని వెళ్ళిపోతాడు. మీటర్లు తన ఉద్యోగం కాబట్టి వాటిని తనకే వదిలేశాడేమో అనుకునేది ఆమె.

వీధి మలుపులో అతని నడక నెమ్మదించింది. అది కూడా ఆమెకు తెలుసు.

"ఇస్త్రీ పెట్టె..." అన్నాడు.

"ఆపారు. నేను చూశాను."

"చూశావా, విన్నావా?"

ఆమె బస్సు వచ్చే వైపు చూసింది. అబద్ధం ఆడినా అతను కనిపెట్టేస్తాడు. అతను వెనక్కి వెళ్ళాడు. బస్సు వచ్చింది, వెళ్ళింది.

*

ఆమె విద్యుత్ మీటర్ల పరీక్షశాలలో పనిచేస్తుంది. ఇళ్ళ నుంచి వచ్చిన మీటర్లను బల్ల మీద బిగించి, సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసి, సీలు వేసి పంపడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. అక్కడ హాజరు పుస్తకం తొమ్మిదీ పదికి సూపర్‌వైజరు బల్ల మీదికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత సంతకం ఎర్ర సిరాతో పెట్టాలి. మూడు ఎర్ర సంతకాలకి ఒక పూట సెలవు పోతుంది. ఆ ఏడాది ఆమె సెలవులన్నీ అలా పూటలు పూటలుగా పోయాయి.

"మీ ఇల్లు దూరమా మేడం?" అనడిగాడు సూపర్‌వైజరు ఒక రోజు.

"దగ్గరే సార్."

"అదే నాకూ అర్థం కావడం లేదు," అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. సొరుగులోంచి ఒక ఫారం తీసి ఇచ్చాడు. వేరే ఊళ్ళో కొత్త సెంటరు తెరుస్తున్నారు, అనుభవమున్నవాళ్ళు కావాలి. "గేటు పక్కనే క్వార్టరు ఇస్తారు. ఒకటే గది. ఒక్కరికైతే సరిపోతుంది. నెలాఖరు సోమవారం లోగా ఇవ్వండి."

ఒక్కరికి అన్న మాట దగ్గర ఆమె మనసు ఆగింది. ఫారమంతా ఆ మధ్యాహ్నమే నింపేసింది. సంతకం మాత్రం పెట్టలేదు. మడిచి చేతిసంచీలో పెట్టుకుంది.

ఆమె పక్క బల్ల మీద పనిచేసే పెద్దాయనని అందరూ సున్నాగారంటారు. లోడు లేని పరీక్ష ఆయనది. మీటరుకి కరెంటు కలిపి, అవతల ఏ వస్తువూ పెట్టకుండా వదిలేసి చూడాలి. మంచి మీటరైతే మెదలకుండా ఉండిపోతుంది. చెడిపోయినదైతే ఏమీ వాడకపోయినా మెల్లిగా అంకెలు పోగుచేసుకుంటూ పోతుంది. దాన్ని పాకడం అంటారు. పాకని మీటరుకి ఎదురుగా ఆయన గుండ్రంగా సున్నా చుడతాడు. ముప్ఫై ఏళ్ళుగా చుడుతున్నాడు.

"మీటరుకీ మనిషికీ ఒకటే పరీక్షమ్మా," అంటుంటాడు. "పని లేనప్పుడు కదలకుండా ఉండగలగాలి. మా ఇంట్లో ఆ పరీక్ష నెగ్గింది నేనొక్కణ్ణే. మా ఆవిడ ఒప్పుకోదనుకో."

ఆమె కూడా ఒక పరీక్ష పెట్టుకుంది. సాకెట్‌కీ ప్లగ్గుకీ మధ్య పెట్టి ఏ వస్తువు ఎంత తింటోందో కొలిచే చిన్న పరికరం ఒకటి పరీక్షశాలలో ఉంది. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పదకొండింటినీ కొలుస్తుంది. అంకెలు భర్త ముందు పెడుతుంది. అవి చూసి అతను మానేస్తే ఫారం చెత్తబుట్టలోకి. మానకపోతే సంతకం. నెగ్గడం, ఓడటం తప్ప మధ్యలో ఇంకోటి ఉంటుందని పరీక్షలు చేసేవాళ్ళకి తోచదు.

*

రెండు వారాలు కొలిచింది. ఒక్కోటీ ఒక రోజంతా ఉంచి, పుస్తకంలో రాసుకుంది. ఆదివారం పొద్దున్న అతను కాఫీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టాక పుస్తకం తెరిచింది.

"పదకొండూ కలిపి పధ్నాలుగు వాట్లు. అందులో తొమ్మిది సెట్ టాప్ బాక్సుదే. టీవీ ఆగిపోయినా అది మేలుకునే ఉంటుంది. దాన్ని ఆపండి, మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. ఓవెన్‌కి గడియారం ఉంది, ఇంటర్నెట్ పెట్టె కొంచెం. ఛార్జర్లు రెంటికీ ముల్లు కదల్లేదు. మిక్సీ సున్నా. దీపం సున్నా. ఇస్త్రీ పెట్టె సున్నా. ఆ సున్నా కోసం మనం రోజూ మలుపు నుంచి వెనక్కొస్తున్నాం."

అతను డాక్టరు చెప్పే రిపోర్టు విన్నట్టు విన్నాడు, తలొంచుకుని, మధ్యలో ఆపకుండా.

"మిగతావి అయిదు వాట్లే కావచ్చు," అన్నాడు చివరికి. "అయిదైనా ఎందుకు పోనివ్వాలి?"

"పోతోంది అయిదు వాట్లు కాదండీ. నా సెలవులు పోతున్నాయి. నా పొద్దుటి పూటలు పోతున్నాయి." గొంతు పెంచుదామనుకుంది గానీ పెరగలేదు. "వేరే సెంటరుకి ఫారం తెచ్చుకున్నాను. క్వార్టరిస్తారు. మీరిది మానకపోతే నేను వెళ్తాను. రేపు కాక వచ్చే సోమవారం దాకా గడువుంది."

అతను గ్లాసుని బల్ల అంచు నుంచి లోపలికి జరిపాడు. మళ్ళీ ఇంకాస్త జరిపాడు.

"ఆ క్వార్టరుకి గాలొస్తుందా?" అనడిగాడు.

 మాటల కన్నా పనే మంచిదని ఆమె లేచింది. పదకొండు స్విచ్చులూ తనే ఆపింది. ఫ్రిజ్ కూడా ఆపింది. "రండి, కిందికి. అన్నీ ఆపితే మీటరు ఎలా ఉంటుందో చూపిస్తాను. ఆ తర్వాత ఒక్కొక్కటీ వేసుకుంటూ వద్దాం. మీ కళ్ళతో మీరే చూసుకోండి."

అతను కింది నుంచి మూడో మెట్టు మీదే ఆగిపోయాడు. ఆమె కిందికి దిగి తమ మీటరు ముందు నిలబడింది. దాని మీద చిన్న ఎర్ర దీపం ఉంటుంది. ఇంట్లో వాడకాన్ని బట్టి అది మిణుకుమంటుంది, వెయ్యిన్నీ ఆరువందల మిణుకులకి ఒక యూనిట్. ఏమీ వాడనప్పుడు చీకటిగా ఉండాలి.

మిణుకుమంది.

ఆమె చేతి గడియారం చూసుకుంది. ఇరవై అయిదు సెకన్లకి మళ్ళీ మిణుకుమంది. మళ్ళీ ఇరవై అయిదు. నాలుగుసార్లు చూసింది. లెక్క నోటికే వస్తుంది ఆమెకి. తొంభై వాట్లు. పదకొండు వస్తువులూ కలిపి తినేదానికి ఆరు రెట్ల పైన.

"ఇంట్లో ఇంకేమైనా ఆన్‌లో ఉందా?" అంది తల తిప్పకుండా.

"ఏముంటుంది," అన్నాడు మూడో మెట్టు మీద నుంచి.

వేరే ఎవరైనా అయితే పైకెళ్ళి గదులన్నీ వెతికేవాళ్ళు. ఆమె వెతకలేదు. పాకే మీటర్లని ఇరవై రెండేళ్ళుగా పట్టుకుంటున్న మనిషికి మొదట మీటరు మీదే అనుమానం వస్తుంది. ఆ అనుమానం రాగానే ఆమెకి లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. తప్పు మీటరుదైతే ఇంట్లో ఎవరిదీ కాదు. మీటరైతే విప్పి, మార్చి, సీలు వేయొచ్చు.

పైన సామాన్ల గది తలుపు ఎప్పట్లాగే మూసి ఉంది. గడియ లేదు, ఊరికే మూసి ఉంది. అందులో ఏముందో ఆమెకి తెలుసు: పాత పెట్టెలు, విరిగిన కుర్చీ, భర్త పనిచేసిన ప్రెస్సు మూతపడ్డప్పుడు ఆటోలో వేసుకొచ్చిన పాత కంప్యూటరు. అది తెచ్చిన సాయంత్రం, "ఇల్లేమన్నా తుక్కు కొట్టా?" అందామె. మర్నాడు అతనే, "పాడైంది లే, ఓ మూల పడుంటుంది," అన్నాడు. దాని మీద దుప్పటి కప్పాడు. ఆ మాట తను అనకుండా ఉండాల్సిందని ఆమెకి చాలా రోజులు అనిపించింది. అందుకే ఆ గదిలోకి వెళ్ళడం మానేసింది. కొలిచిన రెండు వారాల్లోనూ ఆ తలుపు తియ్యలేదు. పాడైనదాంట్లో కొలవడానికేముంది?

*

సోమవారం తమ ఇంటి మీటరుని పరీక్షించమని దరఖాస్తు పెట్టింది. తమ పరీక్షశాల మనిషిదే కాబట్టి పని తొందరగా జరిగింది. బుధవారం మధ్యాహ్నానికల్లా ఆమె ఇంటి మీటరు సున్నాగారి బల్ల మీద ఉంది. ఎవరి ఇంటి మీటరు వాళ్ళు పరీక్షించకూడదని నియమం. ఆమె పక్కన నిలబడి చూసింది.

కరెంటు కలిపారు. అవతల ఏమీ లేదు. దీపం మిణుకుమంటుందని ఆమె చూస్తోంది. నిమిషం. అయిదు నిమిషాలు. ఇరవై. ఆయన కలం తీసి గుండ్రంగా సున్నా చుట్టాడు.

"నీ మీటరు బంగారమమ్మా. దీనికి సీలు కాదు, సన్మానం చెయ్యాలి."

"ఇంకోసారి చూడండి."

"రెండుసార్లు చూశాను. నువ్వూ చూశావు." ఆయన కళ్ళజోడు పైకి జరిపాడు. "ఇది పాకడం లేదు. మీ ఇంట్లోనే ఏదో పాకుతోంది. అన్నట్టు, ఇంటికెళ్ళి ఫ్రిజ్ సంగతి చూసుకో. దీన్ని ఊడదీసి కొత్తది బిగించడానికి గంటంబావు పట్టిందట. స్క్రూ కాలిపోయి పట్టేసిందట. అంతసేపూ మీ ఇంటికి కరెంటు లేదు."

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. అతను గిడ్డంగి నుంచి ఆరు దాటాక గానీ రాడు. ఒక మందుల గిడ్డంగిలో అట్టపెట్టెలకి లేబుళ్ళు అచ్చువేసే పని అతనిది. ఇంకా అయిదే అయింది. హాల్లో అతని చెప్పులున్నాయి, ఒకటి బోర్లా పడి. సామాన్ల గది తలుపు బార్లా తెరిచి ఉంది.

అతను స్టూలు మీద కూచుని ఉన్నాడు. దుప్పటి తీసేసి ఉంది. ఆమె చూస్తుండగానే కంప్యూటరు డబ్బా మీది మీట నొక్కాడు. ఏమీ కాలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కాసేపాగి, మళ్ళీ నొక్కాడు.

బల్ల కింద బ్యాటరీ పెట్టె ఒకటుంది. కరెంటు పోతే కాసేపు నిలబెట్టేది. కాసేపే.

"ఎప్పుడొచ్చారు?" అంది.

"మధ్యాహ్నం. మీవాళ్ళు మీటరు విప్పుతున్నారని కింది అంతస్తు పిన్నిగారు ఫోన్ చేశారు. నేనొచ్చేసరికే పోయింది."

"ఇది పాడైందని చెప్పారు."

"చెప్పాను." గోడకేసి చూస్తూ అన్నాడు. "ఒకసారి ఆపితే మళ్ళీ లేవదని ప్రెస్సులో మెకానిక్ చెప్పాడు. ఇక్కడికి తెచ్చాక ఎలాగో లేచింది. అందుకని ఆపలేదు."

"మూడేళ్ళా?"

"మూడేళ్ళ రెండు నెలలు."

ఆమె తలుపుకి ఆనుకుంది. ఆ కంప్యూటర్లో ఏముందో ఆమెకి అడగకుండానే తెలుసు. ప్రెస్సులో పేజీలు కట్టే రోజుల్లో అతను తన సొంత అక్షరాలు గీయడం మొదలుపెట్టాడు. పుస్తకాలకి కొత్త అచ్చు. గుణింతాలు, వత్తులు, అన్నీ కలిపి ఆరువందల నలభై గీయాలి. రాత్రి భోజనమయ్యాక, 'వ'కి పొట్ట ఎంత ఉండాలో మిగిలిన చపాతీ పిండి మీద గోటితో గీసి చూపించేవాడు. నాలుగువందల పదకొండు గీసేసరికి ప్రెస్సు మూతపడింది. గీసే పద్ధతంతా ఆ పాత కంప్యూటర్లోనే నడుస్తుంది, వేరేదాంట్లో తెరుచుకోదు.

"గీస్తున్నారా దీంట్లో?"

"లేదు."

"ఒక్కటి కూడా?"

"మొదటి వారం కూచున్నాను. చెయ్యి రాలేదు. తర్వాత కూచోలేదు."

"మరి ఎందుకండీ?"

 కిటికీలోంచి పడ్డ ఎండ డబ్బా మీద దుమ్ముని చూపిస్తోంది. దుమ్ములో వేలిముద్రలన్నీ ఒకే చోట ఉన్నాయి, మీట చుట్టూ.

"ఆన్‌లో ఉన్నంతకాలం, మధ్యలో లేచొచ్చినట్టే కదా," అన్నాడు. "నీళ్ళు తాగొద్దామని లేచినట్టు. ఆపేస్తే మానేసినట్టు." తర్వాత చిన్నగా, "ఇది తింటోందని నాకు తెలుసు. అందుకే మిగతావి..." అని ఆగిపోయాడు.

మిగతాది ఆమెకి అర్థమైంది. ఇదొక్కటి ఆపలేక మిగతా పదకొండింటినీ ఆపుతూ తిరిగాడు. ఇస్త్రీ పెట్టె కోసం మలుపు నుంచి వెనక్కొచ్చినప్పుడు అతను చూడటానికొచ్చింది ఇస్త్రీ పెట్టెని కాదు. తను గుమ్మంలో లెక్కపెట్టిన పధ్నాలుగు నిమిషాలూ ఈ దుప్పటి కింద ఉన్నదాని తరఫున కట్టిన జరిమానా.

"దరఖాస్తు పెట్టింది నేనే," అంది. "కరెంటు తీసింది మావాళ్ళే."

"నువ్వు అడిగావుగా, ఇంకేమైనా ఉందా అని. ఏముంటుందన్నది నేనే." అతను మళ్ళీ మీట నొక్కాడు.

*

మర్నాడు ఎనిమిదింపావుకి ఆమె సంచీ తగిలించుకుని వచ్చేసరికి, అతను అప్పటికే చెప్పులు వేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. లోపల టీవీ కింద ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. ఇంటర్నెట్ పెట్టె మీద ఆకుపచ్చ దీపాలు ఆడుతున్నాయి. ఛార్జర్లు గోడకి వేలాడుతున్నాయి. అతను వెనక్కి చూడలేదు.

మలుపు దగ్గర కూడా అతని నడక తగ్గలేదు. బస్సు ఖాళీగా వచ్చింది. ఇద్దరికీ కిటికీ పక్క సీట్లు దొరికాయి, ముందొకటి, వెనకొకటి. హాజరు పుస్తకంలో ఆమె నీలం సిరాతో సంతకం పెట్టింది. నీలం కలం ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది.

"ఏంటమ్మా, పొద్దున్నే పొద్దు పొడిచింది," అన్నాడు సున్నాగారు.

ఆమె కోరుకున్నది జరిగింది. పెట్టుకున్న పరీక్షలో అతను నెగ్గాడు. ఇక ఫారం చింపెయ్యడమే. కానీ ఆ రోజంతా ఆమె చెయ్యి సంచీ దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. బస్సులో తన ముందు సీట్లో అతని మెడ గుర్తొచ్చింది. సీటు కుదుపుకి కదలడం తప్ప దానంతట అది కదలని మెడ. సాయంత్రం టీవీ ముందు కూచున్నాడు. ఏం చూస్తున్నారని అడిగితే తెర వైపు చూసి చదివి చెప్పాడు. అన్నం తక్కువా తినలేదు, ఎక్కువా తినలేదు, ఎప్పుడూ తినేదే తిన్నాడు. ఏదో తక్కువైందని ఆమెకే అనిపించింది. లోడు తీసేశారు, కదలిక ఆగింది. గుండ్రంగా సున్నా. దీన్ని బాగుపడటం అంటారా అని ఆమె పడుకునే ముందు తనని తాను అడుక్కుంది. నిద్ర వచ్చేసింది. ఈ మధ్య ఏ ప్రశ్న అడిగినా ముందు నిద్రే వస్తోంది.

శుక్రవారం సాయంత్రం బట్టలు మడుస్తూ అంది. "ఆ కంప్యూటర్ని బాగుచేయిద్దాం."

"ఎందుకు?"

"మీటరు విప్పించింది నేను. మీ చేతిలోది నేను పడగొట్టాను. నేనే ఎత్తి పెట్టాలి."

"లేస్తే నేను మళ్ళీ స్విచ్చుల పని మొదలుపెడతాను. నా సంగతి నాకు తెలుసు. నీకు మళ్ళీ ఆలస్యమవుతుంది."

ఆమె చేతిలో చొక్కాని సగం మడిచి ఆపింది. "లేస్తే గీయండి. లేదంటే మీ చేత్తో మీరే ఆపండి. రెంట్లో ఏదైనా నాకు సరే. మధ్యలో ఊరికే వదిలెయ్యడం మాత్రం ఇంక చూడలేనండీ. నాకు ఓపిక లేదు. సోమవారం ఫారం ఇవ్వాలి. అది చించాలో సంతకం పెట్టాలో నాకు ఆదివారంలోగా తెలియాలి."

అతను ఆమె చేతిలోని చొక్కా తీసుకుని మిగతా సగం మడిచాడు. అతని మడత ఎప్పుడూ వంకరే.

*

శనివారం కొట్టులో రిపేరు చేసే అతను నుదుటి మీదికి భూతద్దం తోసుకుని డబ్బా వంక చూశాడు. లావుపాటి మనిషి, కుర్చీ నిండా ఉన్నాడు.

"గురువుగారూ, దీని తోటివాళ్ళంతా ఎప్పుడో తుక్కులో కలిసిపోయారు. ఇదొక్కటే ఇంకా పెన్షన్ తీసుకుంటోందా?"

విప్పాడు. కరెంటు అందించే భాగంలో నాలుగు చిన్న డబ్బాలు పైన ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఇవీ దొంగలు. వేడి మీదున్నంతసేపూ ఎలాగో లాక్కొచ్చాయి. ఒకసారి చల్లబడితే ఇంక లేవలేవు. ఎన్నాళ్ళు ఆపకుండా ఉంచారేంటి?"

 ఆమె చెప్పింది.

"మూడేళ్ళా?" అతను నవ్వాడు. "ఆపకుండా ఉంచబట్టే అమ్మా ఇవిలా ఉబ్బింది. రోజూ ఆపుకుంటూ వచ్చుంటే ఇంకా కొన్నాళ్ళు వచ్చేవి."

ఆ భాగం మొత్తం మార్చేశాడు. గంట పట్టింది. మీట నొక్కగానే లోపల ఫ్యాను తిరిగింది. భర్త ముందుకి వంగాడు. తెర మీద పాత ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటీ వచ్చాయి.

"ఇప్పుడు ఆపితే?" అన్నాడు భర్త.

"ఇలా ఆపుతారు." రిపేరతను ఆపేశాడు. "ఇలా లేపుతారు." లేపాడు. మళ్ళీ ఆపి, మళ్ళీ లేపాడు. మూడోసారి కూడా. ఆపిన ప్రతిసారీ భర్త కళ్ళు మూసుకోవడం ఆమె చూసింది. మూడోసారి కాస్త ఆలస్యంగా మూసుకున్నాడు.

*

ఆదివారం పొద్దున్న అతను సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకున్నాడు. కిటికీ కింద బల్ల జరిపిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఆమె వంటిల్లు తుడిచింది. తలుపు దగ్గర చెవి పెట్టడం ఆమెకి చేతకాదు. లోపలికెళ్ళి అడగడం అంతకన్నా చేతకాదు. ఫ్రిజ్‌లో మంచు పేరుకుంది, కరగనివ్వాలని దాన్ని ఆపింది. ఆపిన చెయ్యి ఆగలేదు. టీవీ, సెట్ టాప్ బాక్సు, ఇంటర్నెట్ పెట్టె, అలా పదకొండూ ఆపేసింది. చేతిసంచీలోంచి ఒక కాగితం, కలం తీసుకుని కిందికి దిగింది.

కొత్త మీటరు ముందు నిలబడి గడియారం చూసుకుంది.

పదిహేడు సెకన్లకి ఒక మిణుకు. తెర వెలుగుతోందన్నమాట. అతను ఎదురుగా కూచున్నాడు. రాసుకుంది. పదిహేడు. పదిహేడు. పదిహేడు.

పది నిమిషాల తర్వాత ఇరవై అయిదు.

ఆమె కలం ఆగింది. చేత్తో ఏదీ ముట్టుకోకపోతే కాసేపటికి తెర దానంతట అదే ఆరిపోతుంది. లోపల డబ్బా మాత్రం నడుస్తూ ఉంటుంది. మూడేళ్ళ రెండు నెలలూ నడిచిన తీరు అదే. ఇరవై అయిదు. ఇరవై అయిదు. అతను స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంటాడు. లేదా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళుంటాడు. ఇరవై అయిదు. ఆమె మోకాలు వంగింది. ఒంటి బరువు ఎడమ కాలి మీదికి వెళ్ళింది.

కూరగాయల సంచీతో పిన్నిగారు వచ్చారు. "ఏంటమ్మా, ఆదివారం కూడా డ్యూటీయేనా?"

"ఇంటి డ్యూటీ పిన్నిగారూ."

"మీ ఆయనకి పట్టిన పిచ్చి నీకూ అంటుకున్నట్టుంది," అంటూ ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఆమె మళ్ళీ మీటరు వైపు తిరిగేసరికి లెక్క తప్పింది. తర్వాతి మిణుకు నుంచి మొదలుపెట్టింది.

పదిహేడు.

మళ్ళీ పదిహేడు. ఈసారి చాలాసేపు మారలేదు. ఆమె రాస్తూనే పోయింది, ఒకదాని కింద ఒకటి. కాగితం నిండింది. వీధిలో ఎవరో బండి కడుగుతున్న నీళ్ళ చప్పుడు. పైన ఎక్కడో కుక్కర్ కూత. గంట దాటింది.

అప్పుడు దీపం ఆగిపోయింది.

పదిహేడు గడిచింది. ఇరవై అయిదు గడిచింది. యాభై. తెర ఒక్కటే ఆరితే ఇరవై అయిదుకి రావాలి. నూరు దాకా లెక్కపెట్టింది. రెండొందలు. గాజు వెనక చీకటి అలాగే ఉంది. ఇంట్లో ఏదీ తినడం లేదు. ఆమె కాళ్ళు లాగుతున్నాయి, పక్కనే ఉన్న కింది మెట్టు మీద కూచుంది.

పైన తలుపు చప్పుడైంది. అతను మెట్లు దిగి వచ్చాడు. మూడో మెట్టు దగ్గర ఆగి, ఆగినట్టే ఆగి, కిందికి దిగాడు. మొదటిసారి మీటర్ల వైపు తల తిప్పి చూశాడు.

"ఆపాను," అన్నాడు.

"పూర్తిగానా?"

"ఇవాళ్టికి."

"ఎన్ని గీశారు?"

"ఒకటి." చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "బాగా రాలేదు. వత్తు దగ్గర బిగుసుకుపోయింది. రేపు సరిచెయ్యాలి."

"సాయంత్రం చేసుకోండి. పొద్దున్న నాకు బస్సుంది."

అతను తలూపాడు. ఆమె పక్కన మెట్టు మీద కూచుని, ఆమె ఒళ్ళో కాగితం వంక చూశాడు. అంకెల వరసల వెనక నుంచి అచ్చు గీతలు కనిపిస్తున్నాయి.

"ఇది ఆ ఫారం కదూ."

ఆమె తిప్పి చూసింది. అదే. కలం గట్టిగా నొక్కి రాయడంతో వెనక నుంచి పదిహేడులు సంతకం గడిలోకి ఉబ్బెత్తుగా పొడుచుకొచ్చాయి. సంచీలో వేరే కాగితాలు కూడా ఉన్నాయి.

"కొత్తది ఇస్తారా?" అన్నాడు.

"అడిగితే ఇస్తారు," అంది. కలం మూత పెట్టి, "అడగను. ఇప్పుడప్పుడే," అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చేతికిచ్చింది. అతను దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

"ఫ్రిజ్ వెయ్యాలి. పాలు పాడవుతాయి," అంది. కానీ లేవలేదు.

"నేను వేస్తాను. మిగతావి?"

"సెట్ టాప్ బాక్సుని అలా ఆపే ఉంచండి. తక్కినవన్నీ వేసినా ఫరవాలేదు."

అతను రెండు మెట్లెక్కి ఆగాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "ఇస్త్రీ పెట్టె?"

ఆమె తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఇస్త్రీ పెట్టె సున్నా అండీ," అంది. మొదటిసారి చెప్తున్నట్టు, నెమ్మదిగా.